వేలి క్లిప్పు 98 చూపించింది

గుంటూరు వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీ అంటుకుంటే ఆర్పడానికి రోజులు పడుతుంది. టిక్కీల (మిర్చి బస్తాల) పైమంట నీళ్లకు లొంగుతుంది గానీ, లోపలి టిక్కీలు నివురుగప్పిన నిప్పులా కాలుతూనే ఉంటాయి. గోడల్లో చలి నిలవడానికి పెట్టిన ఫోమ్ పలకలు కూడా అంటుకుంటే ఆ నల్లపొగలో కార్బన్ మోనాక్సైడ్, సైనైడ్ వాయువు రెండూ ఉంటాయి. మిర్చి ఘాటుకి దగ్గు వస్తుంది, కళ్లు మండుతాయి, కాబట్టి జాగ్రత్తపడతాం. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా లేదు, ఘాటూ లేదు.

అప్పటికి నా వయసు 46, లీడింగ్ ఫైర్‌మన్‌ని. ఆ రాత్రి వీపుకు తగిలించుకునే గాలి సిలిండర్లు రెండు వాడాను. ఆరు లీటర్ల సిలిండర్‌ని 300 బార్ నింపితే 1800 లీటర్ల గాలి. కాగితం మీద అది 45 నిమిషాలు. నీళ్లు నిండిన హోస్ ఈడ్చుకుంటూ మెట్లెక్కేవాడికి 25 నిమిషాలు వస్తే గొప్ప. రెండోది గాలి అయిపోతోందని విజిల్ కొట్టాక బయటికొచ్చి మాస్క్ తీసేశాను. మంట తగ్గింది కదా అని మాస్క్ లేకుండానే మళ్లీ లోపలికెళ్లి కొక్కేలతో టిక్కీలు లాగడం మొదలుపెట్టాం. గంటకు పైగా లాగాం. చేసిన తప్పల్లా అదే. మంట లేకుండా కుమిలే సరుకే కార్బన్ మోనాక్సైడ్‌ని ఎక్కువ వదులుతుంది.

మూడున్నరకి టెండర్ (ఫైరింజన్) మెట్టు మీద కూర్చున్నాను. గుండెలో పోటేమీ లేదు. కింది దవడ లాగుతోంది, ఎడమ భుజం బరువుగా ఉంది, అంతే. కోటు విప్పి పావుగంటైంది. డ్రైవర్ దగ్గరకొచ్చి, “చెమట ఆగట్లేదేంటన్నా?” అన్నాడు. ఆ రాత్రి మొత్తంలో సరైన ప్రశ్న అడిగింది వాడొక్కడే.

బీఏ సెట్టు (సిలిండర్, మాస్క్ కలిసిన గాలి పరికరం), కోటు, బూట్లు, హెల్మెట్ కలిపితే 20 కిలోలు దాటుతుంది. ఆ కోటులో గంటకి లీటరుకు పైగా చెమట పోతుంది. రక్తం చిక్కబడుతుంది, గడ్డకట్టే గుణం పెరుగుతుంది. గుండె నిమిషానికి 170, 180 కొట్టుకుంటూ ప్రాణవాయువు అడుగుతుంటే, ఆ వాయువుని మోయాల్సిన హిమోగ్లోబిన్‌ని కార్బన్ మోనాక్సైడ్ పట్టుకుని కూర్చుంటుంది. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుందది. రక్తనాళంలో అప్పటికే కొవ్వు పేరుకుని ఉంటే, అది చిట్లడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు.

దగ్గర్లోని నర్సింగ్‌హోమ్‌కి తీసుకెళ్లారు. డ్యూటీ డాక్టర్ వేలికి క్లిప్పు పెట్టాడు. ఆక్సిజన్ 98. ఈసీజీ తీశాడు. బాగానే ఉందన్నాడు. “పొగ మింగారు, గ్యాస్ తన్నింది. ఈ వయసులో ఇంకా ఫైరింజన్ వెంట పరుగులెందుకండీ” అని నవ్వి, గ్యాస్ ఇంజెక్షన్ ఒకటి పొడిచి ఇంటికి పంపాడు. ఆ నవ్వు మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఆ క్లిప్పు ఎరుపుని కొలుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిన రక్తం కూడా ఎర్రగానే ఉంటుంది కాబట్టి దాన్నీ ఆక్సిజన్ ఖాతాలోనే రాసేస్తుంది. పొగలోంచి వచ్చిన మనిషికి 98 ఉందంటే ఏమీ తెలియనట్టే. రక్తం తీసి, కార్బన్ మోనాక్సైడ్‌ని విడిగా కొలిచే కో-ఆక్సిమెట్రీ ఉన్న బ్లడ్ గ్యాస్ యంత్రంలో చూడాలి. యంత్రం లేకపోతే ఆక్సిజన్ మాస్క్ పెట్టాలి. మామూలు గాలిలో ఆ విషం సగం దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్క్‌తో అయితే గంటన్నర లోపే. ఈసీజీ సంగతీ అంతే. నొప్పి ఉండగా మొదటిది బాగుందంటే, పావుగంటకో అరగంటకో ఇంకోటి తీయాలని అర్థం. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కూడా ఒకసారి చూసి వదిలేయకూడదు. మూడు గంటలాగి మళ్లీ చూడాలి. ఇవేవీ పెద్దాసుపత్రి విద్యలు కావు.

ఐదుంపావుకి ఇంట్లో మంచం మీద ఉన్నాను. మా ఆవిడ దుప్పటి కప్పబోతూ, “ఏవండీ, మీ చెయ్యి ఐసుగడ్డలా ఉందేంటి?” అంది. నాకు పలకడానికి ఓపిక లేదు. పైన ఫ్యాన్ తిరుగుతోంది, ఒక్కో రెక్కా విడివిడిగా కనిపిస్తోంది. ఇరవై ఏళ్లుగా ఎవరి ఇంట్లోంచో ఎవరినో బయటికి మోసుకొచ్చినవాణ్ణి, నన్నిప్పుడు మెట్ల మీదుగా ఎట్లా దింపుతారా అని లెక్క వేసుకుంటున్నాను. రెండో అంతస్తు. మలుపు దగ్గర స్ట్రెచర్ తిరగదు. కుర్చీలోనే దింపాలి. ఆవిడ కోటప్పకొండ స్వామికి మొక్కుకుంటూనే 108కి ఫోన్ చేసింది. రెండూ ఒకే గొంతుతో.

108 కుర్రాడు రాగానే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్లు నాలుగు నా నోట్లో వేసి నమలమన్నాడు. మింగితే ఆలస్యం, నమిలితే త్వరగా పనిచేస్తుంది. దారిలోనే ఈసీజీ తీసి పెద్దాసుపత్రికి పంపాడు. నన్ను కుర్చీలో దింపింది మా డ్రైవరే. డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు, మసి కూడా కడుక్కోలేదు. మిగతాదంతా మామూలే. మణికట్టు దగ్గర్నుంచి యాంజియో, గుండె ముందుభాగానికి రక్తం పోసే నాళంలో ఒక స్టెంటు.

డాక్టర్ మీద ఇంత కోపం చూపించాను గనక నా సంగతీ చెప్పాలి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. ఏటా ఆ వారమంతా అగ్నిమాపక వారోత్సవాలు చేస్తాం. అంతకుముందు ఏప్రిల్లో ఆ వారోత్సవాల క్యాంపులోనే నా బీపీ 150/96 అని చీటీ రాసిచ్చారు. పోయినవాళ్ల కోసం మౌనం పాటించి, చీటీ జేబులో పెట్టుకుని, మధ్యాహ్నం బిర్యానీ తిన్నాను. ప్యాంటుతోపాటు చీటీ కూడా ఉతికేశారు.

1994 నుంచి 2004 దాకా అమెరికాలో ఫైర్‌మన్ల డ్యూటీ మరణాలు లెక్క తీశారు. గుండెజబ్బుతో పోయినవాళ్లలో 32 శాతం మంటలార్పుతుండగా పోయారు. ఆ పని వాళ్ల డ్యూటీలో ఒకటి నుంచి ఐదు శాతమే. బెల్ మోగి వెళ్తుండగా పోయినవాళ్లు 13 శాతం, తిరిగొస్తుండగా 17 శాతం. మనవాళ్లు “ఆరిపోయిందిగా, పద” అంటారే, ఆ తిరుగు ప్రయాణంలో.

ఇంటికొచ్చాక రక్తం గడ్డకట్టకుండా టికాగ్రెలార్ 90 రెండు పూటలా, ఆస్పిరిన్ ఒక పూట, కొవ్వు మాత్ర రాత్రి. టికాగ్రెలార్ కొందరికి ఆయాసం తెప్పిస్తుంది. నాకు తెప్పించింది, రెండు రాత్రులు మళ్లీ పోతున్నాననే అనుకున్నాను. అలాంటప్పుడు మాత్ర ఆపేయకండి, డాక్టర్‌ని అడిగి వేరేది మార్పించుకోండి. పన్ను పీకించుకోవాలన్నా అడిగే పీకించుకోండి. స్టెంటు కొత్తలో ఈ మాత్ర మానేసినవాళ్లు మళ్లీ గడ్డకట్టి వస్తున్నారు. చెడ్డ కొలెస్టరాల్ 55 కిందికి దించమన్నారు, నాది 140 ఉండేది.

లోపలికెళ్లి మంటలార్పేవాడికి 12 మెట్స్ (ఊరికే కూర్చున్నప్పటికి 12 రెట్లు) దమ్ము ఉండాలని లెక్క. ట్రెడ్‌మిల్ పరీక్షలో తొమ్మిది నిమిషాలు ఆగకుండా నడిస్తే సుమారు 10. మూడో నెలలో నేను ఆరు నిమిషాలకే దిగిపోయాను. ఇప్పుడు 10 దాకా వచ్చాను. బీఏ సెట్టు ఇంకా ఇవ్వలేదు, కాల్స్ అందుకునే వాచ్‌రూమ్‌లో వేశారు. మా ఆవిడతో కోటప్పకొండ మెట్లెక్కి మొక్కు చెల్లించాను, మధ్యలో నాలుగుసార్లు కూర్చుని. డాక్టర్ పుణ్యమా, స్వామి పుణ్యమా అని ఆవిడతో వాదించే ధైర్యం నాకు లేదు.

కాల్‌కి బండి బయల్దేరేటప్పుడు నేను ఎక్కించేవి రెండు. ఒక బీపీ మిషన్, రెండు బకెట్ల నీళ్లు. రెండో సిలిండర్ అయినవాడు కోటు విప్పి, మోచేతుల దాకా బకెట్లో ముంచి 20 నిమిషాలు కూర్చోవాలి. అప్పటికీ నాడి 100 దిగకపోతే వాణ్ణి మళ్లీ లోపలికి పంపొద్దని స్టేషన్ ఆఫీసర్ (ఎస్‌ఎఫ్‌ఓ) గారితో ఒప్పించుకున్నాను. మొదట్లో “పెళ్లికొడుకు కాళ్లు కడిగినట్టుంది” అని నవ్వారు.

మొన్న ఒక పత్తి గోడౌన్ కాల్‌లో కొత్త కుర్రాడికి 20 నిమిషాల తర్వాత కూడా నాడి 124. తల నొప్పంటున్నాడు. వేలి క్లిప్పు 99 చూపిస్తోంది. “నాకేం కాలేదన్నా, మా అక్క నిశ్చితార్థం ఉంది, పోవాలి” అని ఫోన్‌లోనే నాతో గొడవ. 108 పిలిపించి, మాస్క్ పెట్టించి, రక్తం తీసే దాకా ఊరుకోలేదు. కార్బన్ మోనాక్సైడ్ 16 శాతం వచ్చింది. నిశ్చితార్థం తప్పిపోయింది. వాడింకా నాతో సరిగా మాట్లాడటం లేదు.