ఫిఫ్త్ వీల్ ఆటో లెవెలింగ్ మధ్యలో ఆగిపోతే ఎక్కడ వెతకాలి

ఫిఫ్త్ వీల్ అంటే పికప్ ట్రక్కు వెనుక తొట్టిలోని కొక్కేనికి తగిలించి లాగే, లోపల నివసించగల పెద్ద ట్రైలరు. ట్రక్కు నుంచి విడదీసిన ఈ ట్రైలరు ఒక్క బటన్ నొక్కగానే తన కాళ్లను తానే దించుకుని, అయిదారు టన్నుల బరువును మెల్లగా మట్టానికి తెచ్చుకుని నిలబడడం చూడడానికి నాకు ఎప్పుడూ ఇష్టమే. అదే పని సగంలో ఆగిపోయి, ట్రైలరు ఒక పక్కకు ఒరిగి ఉండగా ప్యానెల్ మీద ఎర్రర్ సందేశం కనిపిస్తే, చాలామంది ఆలోచన నేరుగా ఆ కాళ్లన్నిటినీ నడిపే కంట్రోలరు మీదికి వెళుతుంది. అది ఖరీదైన భాగం. మార్చిన తరువాత కూడా అదే సందేశం వస్తే ఆ ఖర్చంతా వృథా. మా ట్రైలరు విషయంలోనూ, క్యాంపుగ్రౌండ్లలో పక్క సైట్ల వారికి సాయం చేసినప్పుడూ నేను గమనించినంతవరకు, కంట్రోలరు నిజంగా చెడిపోయిన సందర్భాలు అరుదు. ప్యానెల్ మీది సందేశం కంట్రోలరుకు ఏమి తెలిసిందో చెబుతుందే తప్ప ఏ భాగం పాడయిందో చెప్పదు. ఈ తేడాను మనసులో పెట్టుకుని, మల్టీమీటరు చేతిలోకి తీసుకుని వెతికితే అసలు తప్పు చాలా వరకు ఏదో ఒక వైరు దగ్గరో, కనెక్టరు దగ్గరో దొరుకుతుంది.

ముందుగా ఈ వ్యవస్థకు ఏమేమి తెలుస్తాయో చూడాలి. సాధారణంగా ముందు వైపు రెండు ల్యాండింగ్ గేర్ కాళ్లు, వెనుక వైపు రెండు లేదా నాలుగు జాక్‌లు ఉంటాయి; ఇక్కడ ఈ కాళ్లన్నిటినీ జాక్‌లనే అంటున్నాను. విద్యుత్ పద్ధతిలో ప్రతి జాక్‌కూ విడి మోటారు ఉంటుంది. హైడ్రాలిక్ పద్ధతిలో ఒకే పంపు, వాల్వుల ద్వారా అన్ని జాక్‌లకూ నూనెను పంపుతుంది. కంట్రోలరు తన లోపలి సెన్సరుతో భూమ్యాకర్షణ దిశను కొలిచి ట్రైలరు ఎంత వాలిందో తెలుసుకుంటుంది. పొడవైన ఛాసిస్ కొంత మెలితిరుగుతుంది కనుక చాలా ట్రైలర్లలో వెనుక భాగంలో మరొక వాలు సెన్సరును కూడా బిగిస్తారు. విద్యుత్ జాక్‌ల మోటార్లలో హాల్ సెన్సర్లు ఉంటాయి. ఎడ్విన్ హాల్ 1879లో గుర్తించిన అయస్కాంత ప్రభావం ఆధారంగా ఇవి మోటారు తిరిగిన కొద్దీ చిన్న విద్యుత్ స్పందనలను పంపుతాయి, కంట్రోలరు వాటిని లెక్కించి ఏ కాలు ఎంత దిగిందో గుర్తుంచుకుంటుంది. కాలు నేలను తాకిన సంగతి మోటారు తీసుకునే కరెంటు పెరగడం వల్ల తెలుస్తుంది. అంటే కంట్రోలరుకు ఉన్న జ్ఞానమంతా వోల్టేజి, కరెంటు, లెక్క, వాలు అనే నాలుగింటిలో ఉంది. వీటిలో ఏది తప్పుగా అందినా అది పని ఆపేస్తుంది, అలా ఆపడమే సరైన పని కూడా.

ఆగిపోయిన వెంటనే బటన్లన్నీ వరుసగా నొక్కి సందేశాన్ని చెరిపేయకూడదు. సందేశంలోని మాటలను ఉన్నవి ఉన్నట్టుగా రాసుకోవాలి, ఆ క్షణంలో ఏ కాలు కదులుతున్నదో కూడా రాసుకోవాలి. చాలా వ్యవస్థలు మొదట ముందు భాగాన్ని మట్టం కన్నా కిందికి దించి, తరువాత వెనుక జాక్‌లను నేలకు ఆనించి, ఆపైన ముందు వెనుకలను, కుడి ఎడమలను సరిచేస్తాయి. ఈ క్రమంలో ఎక్కడ ఆగిందో తెలిస్తే వెతకవలసిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది. ఆ తరువాత మాన్యువల్ మోడ్‌లో ఒక్కొక్క కాలును కొద్దిగా కదిపి చూడాలి. అన్నీ మాన్యువల్‌లో బలంగా కదులుతూ ఆటోలో మాత్రమే ఆగిపోతుంటే అనుమానం వాలు సెన్సర్ల వైపు, కాలిబ్రేషన్ (మట్టం ఏదో కంట్రోలరుకు నేర్పడం) వైపు వెళ్లాలి. ఒక్క కాలే మొరాయిస్తే ఆ కాలు మోటారును, దాని వైర్లను చూడాలి. అన్నీ నీరసంగా కదులుతుంటే కరెంటు సరిగా అందడం లేదని అర్థం.

ఈ పరీక్షలన్నింటికీ ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డుదిమ్మలు పెట్టి ఉండాలి. ట్రైలరు కదలకుండా పట్టి ఉంచేది నేలకు ఆనిన, దిమ్మలు పెట్టిన చక్రాలే కనుక జాక్‌లతో చక్రాలను నేల నుంచి పూర్తిగా లేపడం ప్రమాదకరం. జాక్‌ల మీద మాత్రమే నిలబడి ఉన్న ట్రైలరు కిందికి ఎవరూ దూరకూడదు. కిందికి వెళ్లవలసివస్తే, దాని బరువుకు తగిన స్టాండ్లను ఛాసిస్ కింద పెట్టిన తరువాతే వెళ్లాలి. ఈ విషయంలో తొందరపడేవారిని చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది.

తేలికగా తేలిపోయే కారణాలు కొన్ని నేల దగ్గరే ఉంటాయి. ముప్పై అడుగుల పొడవు మీద ఒక్క డిగ్రీ వాలు అంటే రెండు కొసల మధ్య ఆరు అంగుళాలకు పైగా ఎత్తు తేడా. కంటికి దాదాపు చదునుగా కనిపించే స్థలంలో కూడా జాక్ తన పొడవంతా సాగి, ఇక సాగలేక ఆగిపోవచ్చు; అప్పుడు అవుట్ ఆఫ్ స్ట్రోక్ అనే సందేశం వస్తుంది. ముందు కాళ్లలో పిన్ను లాగి చేతితో దించే లోపలి కాలును నేలకు దగ్గరగా దించకపోయినా ఇదే జరుగుతుంది. మెత్తటి నేలలో పాదం దిగబడుతుంటే కాలు నేలను తాకిందా లేదా అన్నది కంట్రోలరు తేల్చుకోలేకపోవచ్చు. వెడల్పాటి దిమ్మలు వేయడం, చక్రాలను పల్లం వైపు రాంపుల మీదికి ఎక్కించడం, లేదా ట్రైలరును కొన్ని అడుగులు జరపడం దీనికి సరిపోతుంది.

ఇక అసలు విషయం వోల్టేజి. నా అభిప్రాయంలో అన్నిటి కన్నా ముందుగా, అన్నిటి కన్నా ఓపికగా చూడవలసినది ఇదే. బ్యాటరీ పోస్టుల దగ్గర మీటరు పెట్టి 12.6 వోల్టులు చూసి, బ్యాటరీ బాగానే ఉందని తీర్మానించేవారు ఎక్కువ. ఏ భారమూ లేనప్పుడు కొలిచిన ఆ అంకె, లెడ్ ఆసిడ్ బ్యాటరీ చార్జి నిండుగా ఉందని మాత్రమే చెబుతుంది. పాతబడిన బ్యాటరీ కూడా ఊరికే ఉన్నప్పుడు ఆ అంకె చూపించి, జాక్ కదలడం మొదలుకాగానే పదికి పడిపోగలదు. కాబట్టి కొలత ఎప్పుడూ జాక్ కదులుతూ ఉండగానే, అది కూడా రెండు చోట్ల, బ్యాటరీ దగ్గర ఒకసారి, కంట్రోలరుకు వైర్లు చేరే చోట ఒకసారి తీసుకోవాలి. రెండు చోట్లా పడిపోతే బ్యాటరీది తప్పు. బ్యాటరీ దగ్గర నిలబడి కంట్రోలరు దగ్గర మాత్రమే పడిపోతే తప్పు మధ్య దారిలో ఉంది.

ఆ దారిలో ఎంత చిన్న అడ్డంకి ఎంత పెద్ద నష్టం చేస్తుందో లెక్క వేసి చూడవచ్చు. ఒక బోల్టు కింద 0.05 ఓముల నిరోధం చేరిందనుకుందాం. దాని గుండా 60 ఆంపియర్లు ప్రవహిస్తే 3 వోల్టులు అక్కడే పోతాయి, 12.6 కాస్తా 9.6 అవుతుంది, కంట్రోలరు లో వోల్టేజ్ అని చెప్పి ఆగిపోతుంది. అంత తక్కువ నిరోధాన్ని మామూలు మల్టీమీటరు ఓముల స్థానంలో పెట్టి నమ్మకంగా కొలవలేదు. అందుకే వోల్టేజి తగ్గుదలనే నేరుగా కొలవాలి. మీటరు ఎర్ర పిన్నును బ్యాటరీ పాజిటివ్ పోస్టుకే ఆనించి, క్లాంపుకు కాకుండా, నల్ల పిన్నును కంట్రోలరు పాజిటివ్ టెర్మినల్ మీద ఉంచి, ఒకరి చేత జాక్ నడిపించాలి. మీటరు దాదాపు సున్నా చూపితే ఆ వైపు శుభ్రంగా ఉన్నట్టు. అర వోల్టు దాటితే మధ్యలో వైరు కలిసే ఒక్కొక్క చోటా ఇదే కొలత తీసుకుంటూ వెళ్లాలి. బ్యాటరీ దగ్గర ఉండే, తనంతట తాను తిరిగి కలుసుకునే సర్క్యూట్ బ్రేకరుకు వైర్లు బిగించే రెండు స్టడ్‌ల మధ్య కూడా తప్పక కొలవాలి; ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారిన బ్రేకరులో లోపలి కాంటాక్టు బలహీనపడుతుంది. తరువాత ఇదే పరీక్ష నెగటివ్ వైపు చేయాలి. చాలామంది పాజిటివ్ వైపు చూసి ఊరుకుంటారు.

మా ట్రైలరులో తప్పు దొరికింది ఆ నెగటివ్ వైపే. జాక్‌లు మాన్యువల్‌లో నడిపితే కదులుతున్నాయి, ఆటోలో ఒకేసారి ఎక్కువ భారం పడగానే లో వోల్టేజ్ వస్తున్నది. పాజిటివ్ వైపు తగ్గుదల లేదు, నెగటివ్ వైపు రెండు వోల్టులకు పైగా ఉంది. ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ బోల్టు విప్పి చూస్తే రింగు కింద పెయింటు, దాని చుట్టూ తుప్పు, రాగి తీగకు పచ్చటి చిలుము కనిపించాయి. పెయింటును మెరిసే లోహం వరకు గీకి, కొత్త రింగు వేసి, పళ్ల వాషరుతో బిగించి, పైన తుప్పు పట్టకుండా గ్రీజు పూసిన తరువాత ఆ సందేశం మళ్లీ రాలేదు. అలాంటి చిన్న పని ఒక ఖరీదైన భాగాన్ని కాపాడినప్పుడు కలిగే సంతోషం నాకు ఎంతో విలువైనది.

క్యాంపుగ్రౌండ్ పవర్ ప్లగ్గు పెట్టి ఉంది కదా, బ్యాటరీతో పని ఏమిటని కొందరు అడుగుతారు. 120 వోల్టుల కరెంటును 12 వోల్టులుగా మార్చే కన్వర్టరు దీపాలకు, ఫ్యానుకు సరిపోతుంది; జాక్‌లు మొదలయ్యే క్షణంలో లాగే కరెంటును అది ఒంటరిగా మోయలేదు. మంచి బ్యాటరీ లేకుండా ఈ వ్యవస్థ నమ్మకంగా నడవదు. లిథియం బ్యాటరీ వేసుకున్నవారు మరొక సంగతి చూసుకోవాలి. దానిలోని రక్షణ సర్క్యూటుకు ఒక కరెంటు పరిమితి ఉంటుంది, జాక్‌ల భారం ఆ పరిమితిని దాటితే వోల్టేజి నెమ్మదిగా తగ్గడం ఉండదు, మొత్తం కరెంటు ఒక్కసారిగా ఆగిపోతుంది.

ఒకే కాలు లెక్క తప్పుతున్నట్టు, అంటే హాల్ సెన్సరుకు సంబంధించిన సందేశం వస్తే, ముందుగా ఆ మోటారు కనెక్టరును విప్పి లోపల తడి, చిలుము, వెనక్కి జారిన పిన్ను ఉన్నాయేమో చూడాలి. చక్రాలు చిమ్మే నీరు నేరుగా తగిలే చోట్లలో ఇది మామూలు. అది శుభ్రంగా ఉంటే మోటారుదా వైరుదా తేల్చడానికి నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటి ఉంది. కుడి ఎడమ మోటార్లు, కనెక్టర్లు ఒకే రకమైనవైతే, పవరు ఆపి ఆ రెండు ప్లగ్గులను ఒకదాని స్థానంలో మరొకటి పెట్టి, మాన్యువల్‌లో కొద్దిగా మాత్రమే కదపాలి. తప్పు అవతలి వైపు పేరుతో కనిపిస్తే మోటారు పాడయింది, మునుపటి వైపు పేరుతోనే ఉంటే వైరో కంట్రోలరో పాడయింది. ప్లగ్గులు మారి ఉండగా ఆటో బటన్ ఎట్టి పరిస్థితిలోనూ నొక్కకూడదు. కంట్రోలరు ఒక వైపు లేపాలనుకుంటే మరొక వైపు లేస్తుంది. పరీక్ష ముగియగానే ప్లగ్గులను వాటి చోట పెట్టి మరీ తరువాతి పనికి వెళ్లాలి.

వాలు సెన్సర్ల విషయానికి వస్తే, కంట్రోలరుకు మట్టం అంటే ఏమిటో మనమే నేర్పాలి. రసమట్టం తీసుకుని ట్రైలరు నేల మీద మధ్య భాగంలో నిలువుగా, అడ్డంగా పెట్టి, మాన్యువల్‌లో సరిచేసి, ఆ స్థితిని సున్నాగా గుర్తుంచుకోమని చెప్పడమే జీరో పాయింట్ కాలిబ్రేషన్. ఏ బటన్లను ఏ క్రమంలో నొక్కాలన్నది మోడలును బట్టి మారుతుంది కనుక ఆ ట్రైలరు మాన్యువల్ ప్రకారమే చేయాలి. ఆటో లెవెలింగ్ ఏ ఎర్రరూ లేకుండా పూర్తయి, ట్రైలరు మాత్రం ప్రతిసారీ ఒకే వైపుకు ఒరిగి ఉంటే ఈ కాలిబ్రేషన్ చేస్తే సరిపోతుంది. ఒరిగే వైపు ప్రతిసారీ మారుతుంటే మాత్రం కాలిబ్రేషన్ జోలికి వెళ్లకూడదు. మొదట కంట్రోలరు, వెనుక భాగంలోని సెన్సరు గట్టిగా బిగించి ఉన్నాయో లేదో చూడాలి. ఒక పొరుగువారి ట్రైలరులో వెనుక సెన్సరు రెండు స్క్రూలలో ఒకటి ఊడిపోయి రెండవదాని మీద వేలాడుతూ, ప్రయాణంలో ప్రతి కుదుపుకూ దిశ మారుతూ ఉండేది. అటువంటప్పుడు ఎన్నిసార్లు సున్నా నేర్పినా నిలవదు. మట్టం గురించి ఇంత పట్టుదల దేనికంటే, అమ్మోనియాతో నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్ పనిచేస్తుండగా ట్రైలరు ఎక్కువ సేపు ఒరిగి ఉంటే ఆ ఫ్రిజ్ గొట్టాలలో ద్రవం సరిగా తిరగక, అది వేడెక్కి శాశ్వతంగా పాడవవచ్చు. కంప్రెసరు ఫ్రిజ్‌లకు ఆ బాధ తక్కువ.

హైడ్రాలిక్ వ్యవస్థలలో వోల్టేజి పరీక్ష ఇదే, పంపు మోటారు దగ్గర కొలవాలి. దానికి అదనంగా నూనె మట్టం చూడాలి, అయితే జాక్‌లన్నీ, హైడ్రాలిక్ స్లయిడ్‌లు (పక్కకు సాగే గది భాగాలు) ఉంటే అవి కూడా లోపలికి ముడుచుకున్న తరువాతే చూడాలి. సాగి ఉన్నప్పుడు తక్కువ కనిపించిందని నూనె పోస్తే ముడిచినప్పుడు అది పొంగిపోతుంది. కాళ్లు కుదుపులతో కదులుతుంటే గొట్టాలలో గాలి చేరినట్టు. కొన్నిసార్లు పూర్తిగా సాగదీసి ముడిస్తే అది బయటికి పోతుంది. రాత్రి చల్లబడిన నూనె కుంచించుకుపోయి కాలు కొద్దిగా దిగడం సహజమే. ఎండలోనూ, చలిలోనూ ఒకే కాలు దిగుతూ పోతుంటే మాత్రం ముందుగా గొట్టాల వెంట, సిలిండరు సీలు దగ్గర తడి ఉందేమో చూడాలి. అంతా పొడిగా ఉంటే ఆ కాలు వాల్వు లోపల మురికి చేరి పూర్తిగా మూసుకోవడం లేదని అనుమానించాలి. విప్పి తీయగలిగే ఒకే రకం కార్ట్రిడ్జి వాల్వులు ఉన్న మానిఫోల్డ్‌లో, అంటే వాల్వులన్నీ బిగించి ఉండే దిమ్మలో, కాళ్లన్నీ ముడిచి బరువు చక్రాల మీదికి, ట్రక్కు మీదికి చేరి, ఒత్తిడి తీసివేసిన తరువాత, ఆ వాల్వును పక్క కాలు వాల్వుతో మార్చి, దిగడం ఏ కాలికి మారిందో మరునాడు ఉదయం రసమట్టంతో చూస్తే సంగతి తేలిపోతుంది.