అడగలేని ప్రశ్నలకు ఫోన్‌లో జవాబు

లైంగిక ఆరోగ్యం గురించి ఎదుటివారిని అడగడానికి సిగ్గుపడే ప్రశ్నలనే యువకులు అర్ధరాత్రి ఫోన్‌లో వెతుకుతారు కనుక, సరైన సమాచారం కూడా వారు చూసే చిన్న వీడియోల మధ్యనే ఉండాలని నా అభిప్రాయం. లైంగిక సంపర్కం వల్ల వ్యాపించే క్లమీడియా అనే వ్యాధి సోకిన పురుషుల్లో చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. అందువల్ల తనకేమీ లేదన్న ధీమా కంటే పరీక్ష మేలని, కొన్ని క్యాన్సర్లకు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్‌ను అడ్డుకునే టీకా మగపిల్లలకూ పనికొస్తుందని, నూనె తగిలితే లేటెక్స్ కండోమ్ దెబ్బతింటుందని చెప్పే ఒక్క నిమిషం వీడియో, భయపెట్టే ఉపన్యాసం కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. చిక్కల్లా, ఇలాంటి మాటలను సామాజిక మాధ్యమాల వడపోతలు ఒక్కోసారి అశ్లీలమని పొరబడి తొలగించడమే. మగతనం పెంచుతామనే మందుల ప్రకటనలు మాత్రం (ఇదే నాకు మింగుడుపడదు) దర్జాగా తిరుగుతుంటాయి. పైగా ఇలాంటి వీడియోలకు నలుగురూ చూసేలా లైక్ కొట్టడానికి జంకేవారు ఉంటారు కనుక, వాటి ప్రభావాన్ని లైకులను బట్టి కాక, వ్యక్తిగత సందేశాల్లో వచ్చే ప్రశ్నలను బట్టి, పరీక్షకు వెళ్లినవారి సంఖ్యను బట్టి అంచనా వేయాలి.