ఆదివారం తెలుగు క్లాసూ, కొరడా బొంగరమూ

"క్లాస్ వచ్చేవారం కూడా ఉంటుంది కదమ్మా, మంచు కరిగితే మళ్ళీ డిసెంబర్ దాకా ఆగాలి" అన్నాడు మా తొమ్మిదేళ్ళవాడు, తెలుగు క్లాసుకి లాగిన్ అవ్వరా అంటే.

మేముండే బీజింగ్‌లో చెరువులు గడ్డకట్టాయంటే తాతలంతా ఆ మంచు మీద బొంగరం ఆడటానికి కొరడాలతో దిగిపోతారు. కర్రకి కట్టిన తాడుని బొంగరం నడుముకి చుట్టి లాగితే అది తిరగడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత, తిరుగుతున్న వైపే, పక్కనుంచి తాడు తగిలేలా కొడుతూ ఉండాలి. కాస్త పైకి తగిలిందా, పల్టీ కొడుతుంది. కొరడా కొస ధ్వని వేగాన్ని దాటినప్పుడు ఠాప్‌మని పేలుతుంది. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాళ్ళు నిద్ర చెడుతోందని గొడవకొస్తారు.

నేనూ తగ్గలేదు. 1635 నాటి పుస్తకంలో ఇక్కడి పిల్లల పాటొకటుంది. విల్లో చెట్లు చిగురించాక కొరడా బొంగరం ఆడాలంటుంది. అది చూపించి "వసంతం దాకా ఆగు, ఇప్పుడు క్లాస్ విను" అన్నాను. తెలుగు నేర్పించడానికి చైనా మింగ్ రాజుల కాలం సాక్ష్యం! "అది యేయెకి చెప్పు" అని చేతికి గ్లవ్స్ తొడుక్కున్నాడు. పార్కులో వాడికి ఆట నేర్పే తాతగారే యేయె.

ఏటికొప్పాక నుంచి తెచ్చిన లక్క బొంగరం మా ఇంట్లో అద్దాల బీరువాలో ఉంటుంది. ఓసారి దాన్నీ కొరడాతో కొట్టి చూశాడు. ఎర్ర లక్క పెచ్చు లేచిపోయింది, నేను ఇల్లు పీకి పందిరి వేశాను. ఆడుకోవడానికని తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేసిందీ నేనే. నిజానికి చిన్నప్పుడు నేను బొంగరం ఆడిందే లేదు, మా అన్నయ్య ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఇక్కడికి కొత్తగా వచ్చిన అమ్మలు అడిగితే "బయటికి పంపండి, ఫోన్ పిచ్చి తగ్గుతుంది" అని ధైర్యం చెబుతాను. తీరా వీడు వెళ్ళాక నాకు టెన్షన్. యేయె వెనకనుంచి మణికట్టు పట్టుకుని దెబ్బ ఎంత కిందికి వెయ్యాలో చూపిస్తుంటే వీడు ఆపకుండా కబుర్లు చెబుతాడు. అనకాపల్లిలో ఉన్న మా నాన్నతో వీడియో కాల్‌లో మాత్రం "బాగున్నా తాతయ్యా" అనేసి పరుగు. ఆ యేయెని చూస్తే నాకు ఈర్ష్య. ఆయన లేకపోతే వీడికి ఇక్కడ తాత అనేవాడే లేడు, అదీ తెలుసు.

క్లాసుని సాయంత్రానికి మార్పించాను. నిద్రమత్తులో క గుణింతం అప్పజెబుతాడు. ఇదంతా వాడి కోసమా, నాన్న అడిగినప్పుడు "ఆఁ, నేర్చుకుంటున్నాడు" అనడానికా? మంచు ఉన్నన్నాళ్ళూ మానిపించేస్తే ఏం పోతుందనిపిస్తుంది. ఫీజు మాత్రం ఏడాదికీ కట్టేశాను.