బానెట్ మీద చెట్టు జిగురు: గోరు పెట్టే ముందు ఇది చదవండి

పది రోజులు కారు తీసే పని లేదు, నీడగా ఉంది కదా అని పైన్ చెట్టు కింద పెట్టి వదిలేశాను. అంతకు ముందు వారమే ఆ చెట్టుకి కొమ్మలు కొట్టారు, ఆ సంగతి నేను పట్టించుకోలేదు. కొమ్మ తెగిన చోట గాయం మూసుకోవడానికి చెట్టు జిగురు కారుస్తుంది, అది ఎండకి పలచబడి బొట్లుగా కిందికి రాలుతుంది. తిరిగి వెళ్ళి చూసేసరికి ఒక్క బానెట్ మీదే 37 చుక్కలు. టాప్ మీద లెక్కపెట్టలేదు.

ఒక్కో చుక్క కందిగింజంత ఉంది. అంచు చుట్టూ దుమ్ము అంటుకుని నల్లగా, మధ్యలో తేనె రంగులో గాజుపూసలా మెరుస్తూ. వేలితో తాకితే పైన గట్టిగానే ఉంది కానీ కాస్త నొక్కితే లోపల ఇంకా మెత్తగా కదులుతోంది.

చెయ్యి దానంతటదే గోరు పెట్టబోయింది, ఆపుకున్నాను. ఎందుకంటే నా పాత కారు మీద సరిగ్గా ఇదే తప్పు చేశాను. పొడిగుడ్డ పట్టుకుని పట్టుదలగా రుద్దాను, జిగురు పోయింది, దాంతోపాటు అరచేయంత మేర మెరుపూ పోయింది. ఎండలో పెడితే అక్కడ సాలెగూడు లాంటి సన్నటి గీతలు కనిపించేవి. కారు అమ్మేదాకా ఆ మచ్చ అలాగే ఉంది, చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. జిగురు చేసిన పాడు కంటే నేను రుద్ది చేసిన పాడే ఎక్కువ. మీరు ఆ పని చెయ్యకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈసారి ముందు మా బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన చాలా ఏళ్ళుగా కార్ల డెంటింగ్, పెయింటింగ్ పనిలో ఉన్నాడు. నేను చెప్పిందంతా విని, "ఒరేయ్, మందు పని మందుని చెయ్యనివ్వు. నీ చెయ్యి ఉన్నది గుడ్డ పట్టుకోవడానికే. రుద్దాలనిపించిందంటే అది ఇంకా నానలేదని అర్థం" అన్నాడు. ఆ తర్వాతి రెండు రోజులూ నేను చేసిందంతా ఈ మాట చుట్టూనే తిరిగింది.

అసలు ఎందుకు రుద్దకూడదో చెప్తాను. కారు రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికంటే పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. మనం చూసి మురిసిపోయే మెరుపంతా ఆ పై పొరదే. కంపెనీ పెయింట్‌లో దాని మందం మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు ఉంటుంది, మన తల వెంట్రుక దాదాపు 70 మైక్రాన్లు. అంటే వెంట్రుక కన్నా పలచని పొర మీద, ఇసుక రేణువులు కలిసిన జిగురుని పెట్టి మనం సానరాయిలా అరగదీస్తున్నామన్నమాట. పైగా పైనున్న దుమ్ములో ఇసుక ఉంటుందని తెలిసి కూడా, చేతిలో గుడ్డ మెత్తగా ఉందని ధైర్యపడతాం.

ఇంకో విషయం, చెట్టు నుంచి పడినవన్నీ ఒకటే రకం కావు. మన తెలుగులో వీటికి వేర్వేరు మాటలు ఉన్నాయి, ఆ మాట సరిగ్గా పట్టుకుంటే సగం వైద్యం తెలిసిపోయినట్టే. తుమ్మ బంక, వేప బంక లాంటి 'బంక' నీళ్ళలో నానుతుంది, వేడినీళ్ళ గుడ్డ వేసి కాసేపు ఓపిక పడితే ఉబ్బి జారిపోతుంది. మర్రి, రావి చెట్ల 'పాలు' ఆరితే రబ్బరులా సాగుతాయి, వాటిని స్పిరిట్ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) అంత తేలిగ్గా కరిగించలేదు, అంచు లేపి వేలి కొసతో మెల్లగా ఉండలా చుట్టుకుంటూ తీయాలి. కొన్ని చెట్ల కింద కారంతా సన్నటి తుంపర పడినట్టు అంటుకుంటుంది చూశారా, అది చాలాసార్లు చెట్టుది కానే కాదు. ఆకుల మీద చేరిన పేనుబంక పురుగులు విసర్జించే తియ్యటి ద్రవం, తేనెమంచు అంటారు. అది చక్కెర కాబట్టి గోరువెచ్చటి నీళ్ళు, షాంపూ చాలు, కానీ అలాగే వదిలేస్తే దాని మీద నల్లటి మసిలాంటి బూజు పెరుగుతుంది. ఇక పైన్ లాంటి చెట్ల జిగురు గుగ్గిలం లాంటిది. దీని మీద ఎన్ని బకెట్ల నీళ్ళు పోసినా లాభం లేదు, నీళ్ళలో కరగదు. స్పిరిట్‌లో కరుగుతుంది, టర్పెంటైన్‌లో ఇంకా బాగా కరుగుతుంది, ఎందుకంటే టర్పెంటైన్ తీసేదే పైన్ జిగురుని కాచి, ఆ ఆవిరిని చల్లార్చి. తన చెట్టు నుంచి వచ్చిన నూనెలో తనే కరిగిపోతుంది!

ఏ రకమో తెలియకపోతే ముందు వేడినీళ్ళే. ఒక చుక్క మీద తడిగుడ్డ అయిదు నిమిషాలు ఉంచి చూడండి, మెత్తబడి జారితే మీ అదృష్టం, మిగతా రసాయనాల జోలికి పోనక్కర్లేదు.

నా పని ఇలా సాగింది. ముందు కారు నీడలోకి తెచ్చి, ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ఆగాను. రేకు వేడిగా ఉంటే స్పిరిట్ పెట్టిన క్షణంలోనే ఆవిరైపోతుంది, జిగురు పలచబడి పక్కకి పాకుతుంది, పైగా స్పిరిట్ ఆవిరి చాలా తేలిగ్గా మండుతుంది కాబట్టి వేడి ఇంజిన్ మీదా, నిప్పు దగ్గరా ఈ పని వద్దే వద్దు. తర్వాత కారంతా షాంపూతో కడిగాను. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూ నీళ్ళకి, రెండోది స్పాంజి జాడించుకోవడానికి. ఒకే బకెట్ అయితే తీసిన ఇసుకనే మళ్ళీ కారుకి పూస్తున్నట్టు.

తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 70 శాతం ఉన్నది. ముందుగా డోరు లోపలి అంచున, ఎవరికీ కనపడని చోట కొంచెం పెట్టి చూశాను. గుడ్డకి రంగు అంటినా, ఆ చోటు మసకబారినా అక్కడితో ఆపేయాలి. ముఖ్యంగా ఎప్పుడో యాక్సిడెంట్ అయ్యి మళ్ళీ పెయింట్ వేయించిన కారైతే ఈ పరీక్ష మానకండి, ఆ పెయింట్ కంపెనీ పెయింట్ అంత గట్టిగా ఉంటుందన్న నమ్మకం లేదు.

మైక్రోఫైబర్ గుడ్డ మూల తడిపి మొదటి చుక్క మీద పెట్టి, వేలితో ఊరికే అదిమి పట్టుకున్నాను. ముప్పై దాకా లెక్కపెట్టి, గుడ్డ ఎత్తి చూస్తే తేనె రంగు చుక్క అంచుల దగ్గర పాలలా తెల్లబడింది. మళ్ళీ తడిపి, మళ్ళీ పెట్టి, మళ్ళీ ముప్పై. ఈసారి ఎత్తినప్పుడు గుడ్డతో పాటు సన్నటి దారంలా సాగింది. మూడోసారి మెల్లగా ఒకే వైపుకి లాగితే మొత్తం చుక్క గుడ్డ మీదికి వచ్చేసింది, కింద నా వేలు అద్దంలో కనపడినట్టు కనపడింది. నిజంగా ఆ క్షణం ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. బాబాయ్ చెప్పింది అప్పుడు చేతికి అర్థమైంది, ఎక్కడా బలం పెట్టాల్సిన అవసరమే రాలేదు.

ఒక్క జాగ్రత్త, ప్రతి చుక్కకీ గుడ్డలో కొత్త చోటు వాడాలి. ఒకసారి జిగురు అంటిన భాగంతో పక్క చుక్క తుడిస్తే ఆ జిగురే పలచగా అంతటా పులిమేస్తాం. నాకు 37 చుక్కలకి అయిదు గుడ్డలు పట్టాయి. స్పిరిట్ దొరక్కపోతే చేతులకి రాసుకునే శానిటైజర్ జెల్ కూడా పనికొస్తుంది, దాంట్లో ఉన్నదీ ఎక్కువ భాగం ఆల్కహాలే, జెల్ కాబట్టి డోరు లాంటి నిలువు చోట్ల జారిపోకుండా నిలుస్తుంది. పని అయ్యాక నీళ్ళతో శుభ్రంగా కడిగేయండి.

ఆరేడు చుక్కలు మాత్రం మొండికేశాయి. అవి బాగా ఎండి రాయిలా అయినవి. వాటి మీద ముందు వేడినీళ్ళ గుడ్డ వేసి మెత్తబరిచి, తర్వాత టర్పెంటైన్ తడిపిన దూది ఒక నిమిషం ఉంచాను, వచ్చేశాయి. టర్పెంటైన్ జిడ్డు వదులుతుంది కాబట్టి వెంటనే షాంపూ నీళ్ళతో ఆ చోటు కడగాలి. చేతులకి గ్లవ్స్, గాలి ఆడే చోటు తప్పనిసరి. వాడిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకుండా ఆరుబయట విడివిడిగా ఆరేయండి.

థిన్నర్, అసిటోన్, గోళ్ళ రంగు తీసే ద్రవం, ఇవి మాత్రం దగ్గరికి రానీయకండి. జిగురుని ఒక్క తుడుపులో తీస్తాయి, నిజమే, క్లియర్ కోట్‌ని కూడా మెత్తబరుస్తాయి. నా స్నేహితుడి కారుకి ఒక వాషింగ్ సెంటర్‌లో ఇలాగే థిన్నర్ పెట్టి తుడిచారు, తడిగా ఉన్నంతసేపూ తళతళలాడింది, ఆరాక చూస్తే ఆవిరి పట్టిన అద్దంలా మసక. పెట్రోల్ సంగతి వేరే చెప్పాలా, ఒక్క నిప్పురవ్వ చాలు. గిన్నెలు తోమే పీచు, బ్లేడు కూడా పెయింట్ మీద వద్దు. ముందు అద్దం మీదైతే సబ్బునీళ్ళు చల్లి కొత్త బ్లేడుని ఏటవాలుగా పెట్టి గీకొచ్చు, గాజు తట్టుకుంటుంది. హెడ్‌లైట్లు గాజులా కనిపిస్తాయి కానీ ఇప్పటి కార్లలో అవి ప్లాస్టిక్, వాటి మీద బ్లేడు పెట్టకండి.

చుక్కలన్నీ పోయాక కారు చూసి పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు బాబాయ్ చెప్పిన పరీక్ష గుర్తొచ్చింది. పలచటి ప్లాస్టిక్ కవర్‌లో చెయ్యి పెట్టి, కడిగిన బానెట్ మీద మెల్లగా నిమరాలి. మామూలుగా వేళ్ళకి నున్నగా తగిలిన చోటే కవర్‌లోంచి గరుకు తెలుస్తుంది, సన్నటి ఇసుక మీద చెయ్యి పెట్టినట్టు. కంటికి కనపడని జిగురు పొర, గాలిలోని మురికి అంతా అక్కడే ఉంది. దానికి క్లే బార్ వాడాలి, బంకమట్టి లాంటి ముద్ద. సబ్బునీళ్ళు గానీ దాని లూబ్రికెంట్ గానీ ధారాళంగా చల్లి, ఆ ముద్దని చదును చేసి ముందుకీ వెనక్కీ జార్చడమే, నొక్కకూడదు. మొదట గరగర చప్పుడు వస్తుంది, కాసేపటికి చప్పుడు ఆగిపోతుంది, అంటే అక్కడ శుభ్రమైపోయిందన్నమాట. ముద్ద మురికి పట్టగానే మడిచి కొత్త వైపు తిప్పుకోవాలి. కిందపడిందో, ఇక మళ్ళీ వాడొద్దు, ఎంత ప్రాణం ఉసూరుమన్నా సరే, నేల మీది ఒక్క రేణువు దానికి అంటుకుంటే చాలు.

ఇంతా చేశాక ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూస్తే, కొన్ని చుక్కల చోట ఉంగరంలాంటి గుర్తులు ఉన్నాయి. జిగురు లేదు, దాని నీడ మిగిలింది. ఎండకి రేకు వేడెక్కి క్లియర్ కోట్ కొద్దిగా మెత్తబడుతుంది, అదే సమయంలో జిగురు ఎండి బిగుసుకుంటూ పై పొర మీద ముద్ర వేసేస్తుంది. ముదురు రంగు కార్లు ఎండకి ఎక్కువ కాలతాయి కాబట్టి వాటికి ఈ బెడద ఎక్కువ. అందుకే జిగురు పడిన రోజే తీస్తే అయిదు నిమిషాల పని, వారాల తరబడి వదిలేస్తే పాలిష్ దాకా వెళ్తుంది.

పాలిష్ అంటే క్లియర్ కోట్‌ని అతి పలచగా అరగదీసి, గీత లోతు దాకా చుట్టూ చదును చెయ్యడం. అంటే ఉన్నదాంట్లోంచే తీస్తున్నాం, కొత్తగా ఏదీ పెట్టడం లేదు, ఈ సంగతి ఎప్పుడూ మనసులో ఉండాలి. కాబట్టి అన్నిటికంటే మెత్తటి పాలిష్‌తో మొదలుపెట్టాలి, అది చాలకపోతేనే ఇంకాస్త గరుకుగా ఉండే కాంపౌండ్. నేను చేత్తోనే చేశాను, ఫోమ్ ప్యాడ్ మీద బఠాణీ గింజంత మూడు చుక్కలు వేసి, ఒక అడుగు చదరంలో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, అలా ఓ రెండు నిమిషాలు, తుడిచి టార్చ్ వేసి చూడటం, మళ్ళీ ఇంకోసారి. మొదటి ఉంగరం మూడో విడతకి కరిగిపోయింది. మెషీన్ వాడేట్టయితే కొత్తవాళ్ళకి తిరుగుతూనే అటూ ఇటూ కదిలే డ్యూయల్ యాక్షన్ రకమే మంచిది, ఒకే చోట గిర్రున తిరిగే బఫింగ్ మెషీన్ చెయ్యి కాస్త ఆగిందంటే పెయింట్ కాల్చేస్తుంది. ప్లాస్టిక్ బీడింగులకి ముందే టేపు వేసుకోండి, పాలిష్ అంటితే తెల్లటి చారలు పడి చచ్చినా పోవు. మెరుపు లేని మ్యాట్ పెయింట్ కారుకి పాలిష్ అసలు పనికిరాదు, రుద్దిన చోట మాత్రమే మెరిసి మచ్చలా కనిపిస్తుంది.

స్పిరిట్, క్లే, పాలిష్, ఇవన్నీ అయ్యేసరికి కారు మీద పాత వ్యాక్స్ ఏమీ మిగలదు. అలా వదిలేస్తే తర్వాతి చుక్క నేరుగా క్లియర్ కోట్‌నే పట్టుకుంటుంది. అందుకని అదే సాయంత్రం కార్నౌబా వ్యాక్స్ పలచగా పట్టించాను. అది కూడా ఒక చెట్టు ఇచ్చిందే, బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం. ఎక్కువ రాస్తే ఎక్కువ మెరుస్తుందనుకోకండి, ఎక్కువైతే తుడవలేక చేతులు నొప్పులు పుడతాయి, అంతే. వ్యాక్స్ వల్ల జిగురు పడటం ఆగదు, కానీ పడింది తీయడం చాలా తేలికవుతుంది. వ్యాక్స్ బదులు వాడే కృత్రిమ పూత, సీలెంట్ అయితే ఇంకొన్ని నెలలు ఎక్కువ నిలుస్తుంది, నాకు వ్యాక్స్ ఇచ్చే లోతైన మెరుపు ఇష్టం కాబట్టి అదే వాడతాను.

ఇప్పుడు డిక్కీలో ఒక చిన్న స్పిరిట్ సీసా, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు ఉంటున్నాయి. ఎండలో కారు బాగా కాలే రోజుల్లో ఆ సీసా ఇంట్లోకి తెచ్చేస్తాను.

బానెట్ ఎడమ అంచు మలుపు దగ్గర ఒక ఉంగరం ఇంకా ఉంది. టార్చ్ వేస్తేనే కనపడుతుంది. ఇంకో రెండు విడతలు పాలిష్ చేస్తే పోతుందేమో, కానీ అంచుల దగ్గర క్లియర్ కోట్ మిగతా చోట్ల కన్నా పలచగా ఉంటుంది, అక్కడ రంగు దాకా అరిగిపోతే ఇక పెయింటింగే. బాబాయ్‌కి ఫొటో పంపాను. "దాన్ని అలాగే వదిలెయ్ రా" అన్నాడు. వదిలేశాను.