వినబడని తిట్టు ఎవరు వింటారు?

లేవీయకాండం దగ్గరికి రాగానే చాలామంది బైబిల్ చదవడం నెమ్మదిస్తుంది. బలులు, శుద్ధి నియమాలు, కుష్ఠు పొడలు, ఇవన్నీ మనకెందుకులే అని పేజీలు తిప్పేస్తాం. కానీ 19వ అధ్యాయం 14వ వచనం దగ్గర ఒక్కసారి ఆగి చదవండి. "చెవిటివాని తిట్టకూడదు, గ్రుడ్డివానియెదుట అడ్డమువేయకూడదు; నీ దేవునికి భయపడవలెను. నేను యెహోవాను."

ఇంత చిన్న ఆజ్ఞ పక్కన దేవుని భయం ఎందుకు వచ్చింది? చెవిటివాణ్ణి తిడితే అతనికి వినబడదు. వినబడలేదు కాబట్టి బాధపడడు, తిరగబడడు, పెద్దల దగ్గర పంచాయితీ పెట్టడు. గుడ్డివాడు రాయి తగిలి పడిపోతాడు, ఆ రాయి ఎవరు పెట్టారో అతనికి ఎప్పటికీ తెలియదు. ఏ కోర్టూ ఈ కేసు పట్టుకోలేదు. మనుషుల్లో లెక్క అడిగేవాడు ఒక్కడూ లేని చోటు అది, సరిగ్గా ఆ చోటులోనే దేవుడు నిలబడి "నేను యెహోవాను" అంటున్నాడు.

ఒక ఇల్లు ఊహించుకోండి. పెద్దాయనకు చెవులు వినబడడం మానేసి చాలా కాలమైంది. వేళకు మాత్రలు, మంచినీళ్లు అందుతూనే ఉంటాయి. అందించే మనిషి ముఖంలో చిరునవ్వు కూడా ఉంటుంది, పెదాల మీద మాత్రం "ఇంకెన్నాళ్లు మాకీ పీడ" అనే మాట. ఆయన అది వినలేదు, ముఖం చూసి, తననేదో ప్రేమగా అడిగారనుకుని మెల్లగా తల ఊపుతాడు. బయటినుంచి చూసినవాళ్లకు అక్కడ సేవ తప్ప ఇంకేమీ కనబడదు. మందిరంలో ఆ మనిషి గురించి మంచి సాక్ష్యమే చెబుతారు.

ఆ గదిలో పలికిన మాట పోయి ఎక్కడ నిలుస్తుందో యేసుప్రభువు చెప్పాడు. మనుషులు పలికే వ్యర్థమైన ప్రతి మాటకూ విమర్శదినాన, అంటే దేవుడు తీర్పు తీర్చే రోజున, లెక్క చెప్పాలి, మత్తయి 12:36. వేదిక మీద మాట్లాడినవీ, ప్రార్థనలో పలికినవీ మాత్రమే కాదు, ప్రతి మాట.

ఇంకో సంగతి, గదిలో లేని మనిషి కూడా మన మాటలకు చెవిటివాడే. ఆరాధన అయ్యాక నలుగురం నిలబడి రాని ఒకరి గురించి మాట్లాడుకునేటప్పుడు, "ప్రార్థన చేయండి, అందుకే చెబుతున్నా" అని మొదలుపెట్టి వాళ్ల ఇంటి గుట్టంతా వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు, ఆ మనిషి వినలేడు, జవాబు చెప్పుకోలేడు. అలాగే చదువు రానివాళ్ల ముందు కాగితం పెట్టి "ఏం లేదు, ఇక్కడ సంతకం చెయ్యి" అనడం గుడ్డివాడి దారిలో రాయి పెట్టడమే. దీన్ని తెలివి అని పిలుచుకునేవాళ్లు మన సంఘాల్లోనూ ఉన్నారు.

"నీ దేవునికి భయపడవలెను" అనే ఆజ్ఞ లేవీయకాండంలో ఐదుసార్లు వస్తుంది. మొదటిది ఈ వచనం. రెండోది తల నెరిసినవాడి ముందు లేచి నిలబడమనే చోట, 19:32. మిగతా మూడూ 25వ అధ్యాయంలో ఉన్నాయి. పొలం అమ్మకం, కొనుగోలు విషయంలో ఒకరినొకరు బాధపెట్టవద్దనే చోట ఒకటి. చితికిపోయిన సహోదరుడి దగ్గర వడ్డీ తీసుకోవద్దనే చోట ఒకటి. అప్పుల్లో అమ్ముడుపోయి మన దగ్గర పనికి చేరినవాణ్ణి కఠినంగా ఏలవద్దనే చోట ఇంకొకటి. పరిశుద్ధ మందిరాన్ని సన్మానించమని కూడా అదే పుస్తకం చెబుతుంది, అది తక్కువ సంగతి కాదు. కానీ ఈ ఐదు చోట్లా ఒక్కటి కూడా బలిపీఠం దగ్గరిది కాదు. ఐదింటిలోనూ ఎదుట ఉన్నది ఒక మనిషి, చాలావరకు మనల్ని ఎదిరించే బలం లేని మనిషి.

భయభక్తులంటే మనం ఎక్కువగా చెప్పులు విడవడం, తల వంచడం, పాట పాడేటప్పుడు కళ్లు మూసుకోవడం అనుకుంటాం. అవి ఉండాలి. అవి ఉన్నంత మాత్రాన చాలవు.

ఈ భయం నిజంగా ఉన్న మనిషి ఎలా ఉంటాడో చూడాలంటే నాకు ముందుగా నెహెమ్యా గుర్తొస్తాడు. పారసీక రాజు అర్తహషస్త పాలనలో 20వ ఏడు నుంచి 32వ ఏడు వరకు, పన్నెండేళ్లు, యూదా దేశానికి అధికారిగా ఉన్నాడు. అధికారికి రావలసిన భత్యం ఒకటి ఉండేది. అంతకుముందు ఉన్నవాళ్లు జనం దగ్గర ఆహారం, ద్రాక్షారసం, పైగా 40 తులముల వెండి పుచ్చుకున్నారు, వాళ్ల పనివాళ్లు సైతం జనం మీద పెత్తనం చేశారు. నెహెమ్యా బల్ల దగ్గర 150 మంది భోజనం చేసేవారు, అయినా ఆ భత్యం ముట్టుకోలేదు. కారణం 5:15లో ఒక్క ముక్కలో చెప్పేశాడు: "దేవుని భయముచేత నేనాలాగున చేయలేదు." తీసుకుంటే తప్పు పట్టేవాడు లేడు, అది లంచం కూడా కాదు, పద్ధతి ప్రకారం వచ్చేదే. కానీ ఆ జనం అప్పటికే పొలాలు కుదువపెట్టి, పిల్లల్ని దాస్యానికి అప్పగించి బతుకుతున్నారు, వాళ్ల మీద ఇంకో బరువు పెట్టడానికి ఆయనకు దేవుడు అడ్డొచ్చాడు.

యోసేపు కూడా అంతే. తనను అమ్మేసిన అన్నలు చేతికి చిక్కారు, ఐగుప్తులో ఆయన మాటకు ఎదురులేదు, అప్పుడు "నేను దేవునికి భయపడువాడను" అన్నాడు, ఆదికాండం 42:18. ఒక్కణ్ణి పంపి మిగతా అందరినీ చెరలో ఉంచుతానని ముందు అన్నవాడు, ఇప్పుడు ఒక్కణ్ణే ఉంచుకుని మిగతావాళ్లను ఇళ్లలో ఆకలితో ఉన్నవారికోసం ధాన్యంతో పంపించాడు.

"ప్రేమలో భయముండదు అని యోహాను రాశాడు కదా, మళ్లీ ఈ భయం ఎందుకు" అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్నే. శిక్ష తప్పించుకోవడానికి ఆదాము చెట్ల చాటుకు పోయిన భయం ఒకటి ఉంది, దాన్ని ప్రేమ వెళ్లగొడుతుంది. సీనాయి దగ్గర మోషే జనంతో ఒకే ఊపిరిలో భయపడకండి అనీ, మీరు పాపం చేయకుండా ఆయన భయం మీకు కలగాలనీ అన్నాడు, నిర్గమకాండం 20:20. 130వ కీర్తన ఇంకా ముందుకు వెళ్లి, దేవుని దగ్గర క్షమాపణ దొరుకుతుంది కాబట్టి జనం ఆయనయందు భయభక్తులు నిలుపుతారంటుంది. సిలువ దగ్గర క్షమాపణ పొందినవాడికి పాపం చౌక కాదు, దాని వెల ఎంతో అతనికి తెలుసు.

రోమా 14:12 మనలో ప్రతివాడూ "తన్నుగురించి" దేవునికి లెక్క అప్పగించాలంటుంది. ఆ వచనాన్ని మనం ఎక్కువగా ఎదుటివాళ్లను హెచ్చరించడానికి వాడతాం. పౌలు అది రాసింది తిండి గురించి, దినాల గురించి ఒకరికొకరు తీర్పు తీర్చుకుంటున్న విశ్వాసులకు, వాళ్ల నోళ్లు మూయించడానికి. పక్కవాడి లెక్క మన చేతికి ఇవ్వలేదు.

మరి ఇప్పటికే అనేసిన మాటల సంగతి? వినని మనిషి దగ్గరికి వెళ్లి "నిన్ను తిట్టాను" అని చెప్పి కొత్తగా గాయం చేయాలని నేననుకోను. అది దేవుని ముందు ఒప్పుకుని, ఆ మనిషి దగ్గర కూర్చుని, వినబడేంత గట్టిగా మంచి మాట మాట్లాడండి. నలుగురిలో ఒకరి పరువు తీసి ఉంటే మాత్రం ఆ నలుగురి దగ్గరికే వెళ్లి సరిచేయాలి. డబ్బు విషయమైతే ప్రార్థనతో సరిపెట్టుకోవడానికి లేదు, పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని అందరి ముందూ నిలబడి చెప్పాడు. కూలివాడి కూలి తెల్లవారేవరకు దగ్గర ఉంచుకోవద్దని మనం మొదట చదివిన వచనానికి సరిగ్గా పైన, 13వ వచనంలోనే ఉంది. ఎవరికైనా బాకీ ఉంటే ఈ పూటే ఇచ్చేయండి.