ధర, హంగులు, జేబు బరువు: అన్‌లాక్డ్ ఫోన్ ఎంచుకున్న నా అనుభవం

2024 నవంబరులో నేను ఫోన్ మార్చవలసి వచ్చింది. పాత ఫోన్ పగలలేదు, పాడవలేదు. దానికి సెక్యూరిటీ ప్యాచ్‌లు (భద్రతా లోపాలను సరిదిద్దే అప్‌డేట్లు) రావడం ఆగి ఏడాది దాటింది, ఆపైన ఒక ఉదయం బ్యాంకు యాప్ ఈ ఆండ్రాయిడ్ వెర్షన్‌లో ఇక పనిచేయనని తెగేసి చెప్పి తెరుచుకోవడం మానేసింది. కొత్తది కొనడం ఒక సాయంత్రపు పని అనుకున్నాను కానీ మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో నోటుపుస్తకంలో పదకొండు పేజీలు నిండాయి, అందులో సగానికి పైగా కొట్టివేతలే.

అంత జాగ్రత్తకు కారణం ఉంది, ఇంతకు ముందే ఒకసారి చేయి కాలింది. కొన్నేళ్ల క్రితం, వేరే ప్రాంతంలో అమ్మడానికి తయారైన ఒక అన్‌లాక్డ్ ఫోన్ చవకగా వస్తోందని ఆన్‌లైన్‌లో కొన్నాను. ఏ కంపెనీ సిమ్ వేసినా పనిచేస్తుందని రాసి ఉంది, అది అబద్ధమూ కాదు. వీధిలో సిగ్నల్ నిండుగా ఉండేది, ముందు గదిలో సగానికి తగ్గేది, లోపలి గదికి వెళ్తే మాట్లాడుతుండగానే కాల్ తెగిపోయేది. నాలుగు రోజులు సిమ్ కంపెనీని తిట్టుకున్నాక, పక్కనున్న పాత ఫోన్‌లో అదే సిమ్ వేసి చూస్తే అదే గదిలో చక్కగా మాట వినిపించింది. నా సిమ్ కంపెనీ ఇళ్ల లోపలికి సిగ్నల్ అందించడానికి వాడే 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ (రేడియో తరంగాల పట్టీ), అంటే బ్యాండ్ 28, ఆ చవక ఫోన్‌లో అసలు లేదు. అమ్మినవారిని అడిగితే ఫోన్‌లో లోపమేమీ లేదు కనుక వెనక్కి తీసుకోబోమన్నారు. వాళ్ల వైపు నుంచి చూస్తే ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు, అందుకే ఇంకా ఒళ్లు మండింది.

అన్‌లాక్డ్ అన్న మాటను నేను అప్పటిదాకా తప్పుగా అర్థం చేసుకున్నాను. కొన్నిచోట్ల టెలికాం కంపెనీలు వాయిదాల మీద, తగ్గింపు ధర మీద ఇచ్చే ఫోన్లకు తమ సిమ్ తప్ప మరొకటి పనిచేయకుండా సాఫ్ట్‌వేర్‌లో తాళం వేస్తాయి, అన్‌లాక్డ్ అంటే ఆ తాళం లేదని మాత్రమే. ఏయే తరంగాలను ఫోన్ అందుకోగలదన్నది లోపలి రేడియో భాగాల సంగతి, తాళం తీసినంత మాత్రాన లేని బ్యాండ్ పుట్టుకురాదు. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు గోడలను దాటి లోపలికి బాగా వస్తాయి, 3.5 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల పనిచేసే 5జీ బ్యాండ్ ఎన్78 వంటివి వేగం ఎక్కువిచ్చినా గోడల దగ్గర నీరసపడతాయి. వీటికి తోడు, బ్యాండ్లన్నీ ఉన్నా ఫలానా మోడల్‌ను సిమ్ కంపెనీ తన వోల్టీ (4జీ మీద కాల్స్ నడిపే పద్ధతి) జాబితాలో చేర్చకపోతే 4జీ మీద మాట్లాడే వీలుండదు. అందుకే ఈసారి నోటుపుస్తకం మొదటి పేజీలో ధర రాయలేదు, నా సిమ్ కంపెనీ వాడే బ్యాండ్ల అంకెలు రాసుకున్నాను. ఒక్క బ్యాండ్ తక్కువైనా ఆ ఫోన్ ఎంత ఊరించినా పక్కన పెట్టాలని ముందే నిర్ణయించుకున్నాను.

ఆ జల్లెడలోంచి మూడు ఫోన్లు మిగిలాయి. ఒకటి 2024 మార్చిలో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఏ55, రెండోది అదే ఏడాది మేలో వచ్చిన గూగుల్ పిక్సెల్ 8ఏ, మూడోది జనవరిలో ప్రపంచ మార్కెట్లకు వచ్చిన రెడ్‌మీ నోట్ 13 ప్రో ప్లస్. జల్లెడ పట్టేటప్పుడు మోడల్ పేరును నమ్మకుండా పెట్టె మీద ఉండే పూర్తి మోడల్ నంబరును, దాని చివరి అక్షరంతో సహా, పోల్చుకున్నాను. ఒకే పేరుతో అమ్మే ఫోన్ ప్రాంతాన్ని బట్టి లోపల వేరుగా ఉండడం కొత్తేమీ కాదు. 2022లో వచ్చిన గెలాక్సీ ఎస్22 యూరప్‌లో ఎక్సినోస్ చిప్‌తోనూ, మరికొన్ని చోట్ల స్నాప్‌డ్రాగన్ చిప్‌తోనూ వచ్చింది.

మూడింటి వివరాలు చాంతాడంత ఉన్నాయి. వాటిని పక్కపక్కన రాసి, మూడింటికీ సమానమైన ప్రతి వరుసనూ ఎర్ర కలంతో కొట్టేశాను. 120 హెర్ట్జ్ ఓలెడ్ తెర, ప్రధాన కెమెరాలో చేతి వణుకును సరిదిద్దే ఓఐఎస్, ఫోన్ తాకించి డబ్బు చెల్లించడానికి వాడే ఎన్ఎఫ్‌సీ, నేను చూసిన రకాల్లో 8 జీబీ ర్యామ్ అన్నీ అలా పోయాయి. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేవి చాలావరకు ఈ కొట్టివేతలోనే ఎగిరిపోవడం నాకు కాస్త వినోదంగా అనిపించింది. తర్వాత ఒక వారం పాటు పాత ఫోన్ వాడుతూ, అది నన్ను ఎప్పుడెప్పుడు ఇబ్బంది పెట్టిందో అప్పటికప్పుడు రాసుకున్నాను. స్టోరేజ్ నిండిందన్న హెచ్చరిక ఐదు సార్లు, సాయంత్రానికి బ్యాటరీ అడుగంటడం నాలుగు సార్లు, మసక వెలుతురులో తీసిన కాగితాల ఫొటోలు చదవరాకుండా పోవడం మూడు సార్లు వచ్చాయి. ఆటలు నత్తనడక నడిచాయన్న ఫిర్యాదు ఒక్కటీ లేదు, ఎందుకంటే నేను ఆటలు ఆడను. అప్పటిదాకా చిప్‌ల బెంచ్‌మార్క్ (వేగ పరీక్షల) అంకెల మీద పెట్టిన రెండు సాయంత్రాలూ వృథా అని అప్పుడు తెలిసింది.

కెమెరా దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగవలసి వచ్చింది. కాగితం మీద రెడ్‌మీది 200 మెగాపిక్సెళ్లు, పిక్సెల్‌ది 64, శాంసంగ్‌ది 50. చూడగానే పందెం ముగిసిపోయినట్టే ఉంటుంది. అయితే చిన్న చిన్న పిక్సెళ్లకు విడివిడిగా అందే వెలుతురు చాలదు కనుక ఈ ఫోన్లు మామూలు ఫొటో తీసేటప్పుడు పక్కపక్క పిక్సెళ్లను కలిపి ఒకటిగా లెక్కిస్తాయి. రెడ్‌మీ పదహారింటిని ఒకటి చేస్తుంది, మిగిలిన రెండూ నాలుగింటిని ఒకటి చేస్తాయి. భాగించి చూస్తే 200 కాస్తా 12.5 అయింది, 50 కూడా 12.5 అయింది, 64 మాత్రం 16 దగ్గర నిలిచింది. రెడ్‌మీ సెన్సర్ మూడింటిలోనూ పెద్దదన్న మాట నిజమే, అది అసలైన లాభమే, కానీ 200 అన్న అంకె ఆ లాభానికి కొలత కాదు. దానితో పాటు వచ్చే 2 మెగాపిక్సెళ్ల మాక్రో కెమెరా (మరీ దగ్గరి వస్తువులను తీసేది) కెమెరాల సంఖ్యను పెంచడానికే తప్ప నాకు దేనికీ పనికిరాదు. అదే ఫోన్‌లోని 120 వాట్ల ఛార్జింగ్‌ను మాత్రం ఇంత తేలిగ్గా తీసెయ్యలేకపోయాను. పిక్సెల్ 18 వాట్లకు, శాంసంగ్ 25 వాట్లకు మించి తీసుకోవు. అయినా నేను రాత్రి పడుకునేటప్పుడు ఛార్జింగ్ పెట్టి పొద్దున తీసే మనిషిని, ఆరు గంటలు ఖాళీగా ఉండే ఫోన్ ఇరవై నిమిషాల్లో నిండితే ఒరిగేది లేదు.

ఇక ధర. నేను చూసిన రోజున మూడింటిలో ఖరీదైన పిక్సెల్ ధరను వంద పాళ్లు అనుకుంటే, శాంసంగ్ ఎనభై పాళ్లకు, రెడ్‌మీ డెబ్బై పాళ్లకు వస్తున్నాయి. ముప్పై పాళ్ల తేడా చిన్నది కాదు. కానీ నా పాత ఫోన్ చచ్చింది హంగులు చాలక కాదు, అప్‌డేట్లు ఆగి. అందుకని ధరను సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చే ఏళ్లతో భాగించాను. పిక్సెల్‌కు ఏడేళ్లు, శాంసంగ్‌కు ఐదేళ్లు, రెడ్‌మీకి నాలుగేళ్లు. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది, నేనూ మొదట పొరపడ్డాను. ఈ ఏళ్లు మనం కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ అమ్మకానికి వచ్చిన నాటి నుంచి లెక్కకు వస్తాయి. నవంబరులో కొనే నాకు రెడ్‌మీ మీద మిగిలేది దాదాపు మూడేళ్ల రెండు నెలలు, శాంసంగ్ మీద నాలుగేళ్ల నాలుగు నెలలు, పిక్సెల్ మీద ఆరున్నరేళ్లు. అలా భాగిస్తే రెడ్‌మీ ఏడాదికి ఇరవై రెండు పాళ్లు, శాంసంగ్ పద్దెనిమిదిన్నర, పిక్సెల్ పదిహేనున్నర పడ్డాయి. కొనేటప్పుడు చవకైనది వాడుకలో అన్నిటికంటే ఖరీదై కూర్చుంది.

ఆ లెక్క చూసుకుని ఒక రాత్రి హాయిగా నిద్రపోయాను. మర్నాడు అనుమానం మొదలైంది. నేను నిజంగా ఒక ఫోన్‌ను ఆరున్నరేళ్లు వాడతానా? ఇంతవరకు వాడిన మూడు ఫోన్ల వయసులు వేసి చూస్తే సగటు నాలుగున్నరేళ్లు కూడా తేలలేదు. నాలుగున్నరేళ్లతో భాగిస్తే పిక్సెల్ కూడా ఏడాదికి ఇరవై రెండు పాళ్లకు పెరిగింది, శాంసంగ్ సుఖంగా గెలిచింది. దాదాపు దాన్నే కొనబోయి, ఆ మూడు ఫోన్లనూ ఎందుకు వదిలేశానో కూడా రాద్దామని కూర్చున్నాను. ఒకటి కిందపడి తెర పగిలింది. మిగిలిన రెండూ అప్‌డేట్లు ఆగి, యాప్‌లు మొరాయించి పోయాయి. అంటే నాలుగున్నరేళ్లన్నది నా అలవాటు కాదు, తయారీదారులు గీసిన గీత. ఆ గీతనే నా స్వభావంగా లెక్కలో వేసి, దాని ఆధారంగా మళ్లీ తక్కువ గీత ఉన్న ఫోన్‌నే కొనబోయాను.

అలాగని ఆరున్నరేళ్లూ బ్యాటరీ నిలుస్తుందనుకోవడం ఆశే. నిండా ఛార్జ్ చేసి వాడే చక్రాలు వందల్లోకి వెళ్లేకొద్దీ లిథియం బ్యాటరీ పట్టు తగ్గుతుంది. 800 చక్రాల తర్వాత కూడా కనీసం 80 శాతం సామర్థ్యం నిలవాలని యూరోపియన్ యూనియన్ 2025 జూన్ 20 నుంచి అమలయ్యేలా నిబంధన పెట్టింది, రోజుకొక చక్రం లెక్కన అది రెండేళ్ల పైచిలుకు. కాబట్టి పిక్సెల్‌ను ఆరేళ్లే వాడతాననుకుని, మధ్యలో ఒకసారి బ్యాటరీ మార్పిడికి పది పాళ్లు కలిపాను. దానికి మెమరీ కార్డు వేసే చోటు లేదు, నా ఫిర్యాదుల్లో మొదటిదే స్టోరేజ్, అందుకని 128 జీబీ వద్దనుకుని 256 జీబీ రకానికి మరో పది పాళ్లు కలిపాను. నూట ఇరవైని ఆరుతో భాగిస్తే ఇరవై. శాంసంగ్‌కు కార్డు పెట్టుకోవచ్చు కనుక కార్డుకు మూడు పాళ్లు కలిపితే ఏడాదికి పందొమ్మిది పాళ్లకు కాస్త పైన తేలింది. అయితే ఆ కార్డు రెండో సిమ్ గడిలోనే కూర్చుంటుంది. రెండు సిమ్‌లు వాడే నేను ఒకదాన్ని ఇ-సిమ్‌గా (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్‌గా) మార్చుకోవలసి వచ్చేది. పిక్సెల్‌లో ఎలాగూ ఒక సిమ్ గడే, రెండోది ఇ-సిమ్మే. మొత్తం మీద మూడు వారాల లెక్క ఏడాదికి ఒక్క పాలు కూడా లేని తేడా దగ్గరికి వచ్చి ఆగింది. రెడ్‌మీ అప్పటికే తప్పుకుంది.

తేడా అంత సన్నగా ఉన్నప్పుడు చేతికి ఎలా ఉంటుందో చూడడమే మేలనిపించింది. శాంసంగ్ 161.1 మిల్లీమీటర్ల పొడవు, 77.4 వెడల్పు, 213 గ్రాములు. పిక్సెల్ 152.1 పొడవు, 72.7 వెడల్పు, 188 గ్రాములు. అట్టపెట్టె చింపి ఆ కొలతలకు ముక్కలు కత్తిరించి, మందం వచ్చేదాకా ఒకదానిపై ఒకటి అంటించి, మధ్యలో గుంట చేసి నాణేలు పేర్చి, వంటింటి త్రాసు మీద 213, 188 గ్రాములు తూగేదాకా సరిచూసి టేపు చుట్టాను. చూసిన ఇంట్లోవాళ్లు నాకేమైందోనని అనుకుని ఉంటారు. ఒక్కో అట్ట ఫోన్‌నూ ఒక్కో రోజు చొక్కా జేబులో వేసుకుని తిరిగాను. పెద్దది వంగినప్పుడల్లా జేబును ముందుకు లాగింది. కూర్చున్నప్పుడు ఒంటిచేత్తో పట్టుకుంటే నా బొటనవేలు దాని పై మూలకు అందలేదు, అరచేయి జరపవలసి వచ్చింది. చిన్నదాన్ని మధ్యాహ్నానికల్లా మరచిపోయాను. సినిమాలు ఫోన్‌లోనే చూసేవారికి శాంసంగ్‌లోని 6.6 అంగుళాల తెరే కావాలి, దాని 5000 ఎంఏహెచ్ బ్యాటరీ కూడా పిక్సెల్ బ్యాటరీ కంటే పెద్దదే. నేను ఫోన్‌లో చూసేదానికంటే రాసేదే ఎక్కువ. ఆ సన్నని తేడాను జేబు సుఖానికి ఇచ్చుకోవచ్చనిపించి పిక్సెల్ 8ఏ 256 జీబీకి ఆర్డర్ పెట్టాను.

పెట్టె రాగానే చేసిన పని సీలు తీయడం కాదు. ముందు దాని మీది మోడల్ నంబరును నోటుపుస్తకంలోని దానితో అక్షరం అక్షరం సరిచూశాను. సరిపోయాకే తెరిచి, *#06# కొట్టి, కనిపించిన 15 అంకెల ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య) పెట్టె మీది నంబరేనని చూసుకున్నాను. సిమ్ వేశాను. ఛార్జర్ పెట్టెలో లేదు, కేబుల్ ఒక్కటే ఉంది. ఆ సంగతి ముందే తెలుసు కనుక పాత టైప్-సి ఛార్జర్ సిద్ధంగా పెట్టుకున్నాను. ఆ తర్వాత ఫోన్ పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లి, తలుపు వేసి, అల్మారా పక్క మూలలో నిలబడి ఒక స్నేహితుడికి కాల్ చేశాను. సిగ్నల్ గీతలు రెండే ఉన్నాయి. కొత్త ఫోన్ కెమెరా ఎలా ఉందని అతను పావుగంట అడుగుతూనే ఉన్నాడు, నేను ఇంకా ఒక్క ఫొటో కూడా తీయలేదు, కాల్ మాత్రం ఒక్కసారీ తెగలేదు.