బియ్యం డబ్బా, మిరపకాయ, మూడు గిన్నెలు

మినియాపొలిస్‌లో జనవరి రాత్రులు మైనస్ 20 డిగ్రీలకు కూడా పడిపోతాయి. అమ్మ తెనాలి నుంచి వచ్చిన రెండో వారంలోనే పెరుగుతో పేచీ మొదలైంది. రాత్రి తోడు పెట్టిన పాలు పొద్దునకి పాలలాగే ఉన్నాయి. "పచ్చిమిరపకాయ వేస్తే గట్టిగా తోడుకుంటుందే" అంటూ ఆ రాత్రి తోడుతో పాటు రెండు కాయలు తొడిమలతో సహా వేసింది. పక్కనే నిలబడి చూస్తున్న మా పదేళ్ల వాడు "ఎందుకు?" అన్నాడు.

అమ్మ మొహం చిన్నబోయింది. మా ఇంట్లో "ఎందుకు" అంటే "ఎదురు చెప్తున్నావా?" అనే వచ్చేది జవాబు. వీడి స్కూల్లో లెక్క సరిగ్గా చేసినా, అలా ఎందుకు చేశావో చెప్పమంటారు. వాడు ఎందుకని అడిగాడంటే శ్రద్ధగా విన్నాడనే అర్థం. ఆ సంగతి అమ్మకు చెప్పాను. ఉత్త "ఎందుకు?" పెద్దవాళ్ల చెవికి ఎంత కటువుగా తగులుతుందో వాడికీ చెప్పి, "ఎందుకలా అమ్మమ్మా?" అని అడగమన్నాను. అడిగాడు. "మా అమ్మ వేసేది నాన్నా, నేనూ వేస్తున్నా" అంది అమ్మ, ఈసారి నవ్వుతూ.

మర్నాడు కూడా పెరుగు తోడుకోలేదు. శనివారం రాత్రి ఇద్దరూ కలిసి మూడు గిన్నెలు సర్దారు. ఒకే పాలు, ఒకే చెంచాతో తోడు. ఒకటి తోడు మాత్రమే వేసి, లైటు వెలుగుతున్న ఓవెన్‌లో. రెండోది తోడు, మిరపకాయ రెండూ వేసి అదే ఓవెన్‌లో. మూడోది కూడా అలాగే, కానీ వంటింటి గట్టు మీద. వాడు థర్మామీటరు పెట్టి చూశాడు: ఓవెన్‌లో 38 డిగ్రీలు, గట్టు మీద 20. మూడింటికీ చీటీలు అంటించాడు.

పొద్దున్నే గరిటె పెట్టి చూసింది అమ్మే. ఓవెన్‌లోవి రెండూ ఒకే రకంగా, కత్తితో కోసినట్టు వచ్చాయి. గట్టు మీదిది పలచగా జారిపోయింది. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మిరపకాయ వేసేది మేం చలికాలంలోనే. ఆ రోజుల్లోనే గిన్నెకు గుడ్డ చుట్టి బియ్యం డబ్బాలో పెట్టేవాళ్లం" అంది.

నాకు ఒళ్లు జలదరించింది. రెండు పనులు ఎప్పుడూ జంటగా జరిగితే, ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు. విడదీసి చూడాలి. మా అమ్మ డెబ్బై ఏళ్ల వయసులో, మనవడి పక్కన నిలబడి, తన చిన్నప్పటి వంటిల్లు గుర్తు చేసుకుంటూ దాన్ని విడదీసింది. పెరుగు చేసే బ్యాక్టీరియాకు వెచ్చదనం కావాలి. మరీ వేడి పాలలో వేస్తే చచ్చిపోతుంది, చలిలో మందగిస్తుంది. బియ్యం డబ్బా ఆ వెచ్చదనాన్ని పోనివ్వదు. అమ్మమ్మ పద్ధతి పనిచేసింది, కాకపోతే కారణం మిరపకాయ కాదు, డబ్బా. ఈ రెండు ముక్కలూ వాడికి కలిపే చెప్పాలని నా పట్టుదల. మొదటిది వదిలేస్తే పెద్దవాళ్లంటే చులకన అయిపోతుంది. రెండోది వదిలేస్తే ఆలోచన ఆగిపోతుంది.

నేనూ సర్దుకున్నాను. టోపీ పెట్టుకోకపోతే జలుబు చేస్తుందని వాణ్ని ఎన్నిసార్లు బెదిరించానో! జలుబు తెచ్చేది వైరస్. ఇప్పుడు అసలు కారణమే చెప్తున్నాను: ఈ చలికి చెవులు మొద్దుబారి చర్మం దెబ్బతింటుందని. టోపీ వాడే వెతుక్కుని పెట్టుకుంటున్నాడు.

ఆదివారం వాళ్ల నాన్నకు చెప్తున్నాడు: "గట్టు మీద తోడుకోలేదు, ఎందుకంటే చల్లగా ఉంది." అమ్మ పక్కనుంచి, "చల్లగా ఉండబట్టి తోడుకోలేదు అనాలి నాన్నా. ముందు కారణం చెప్పు" అంది. వాడు రెండుసార్లు అని చూసుకున్నాడు, ఉండబట్టి, ఉండబట్టి అని.

తోడు దొరకని రోజు వాళ్ల అత్తగారు ఉత్త మిరప తొడిమలతోనే పెరుగు చేసేవారని అమ్మ ఇప్పుడు గుర్తు చేసింది. నాలుగో గిన్నె ఓవెన్‌లో ఉంది. చీటీ మీద వాడు తెలుగులోనే రాశాడు: "తొడిమలు మాత్రమే".